పరశురాములు కట్టుడు పండ్లు

సిరిసిల్ల నేతగాడు పరశురాములుకు ముందరి పండ్లు రాలినప్పటినుండి మగ్గం పని తిప్పలైంది. తెగిన పోగును పంటితో కొరికి ముడివేయడం అతనికి చిన్ననాటి అలవాటు. అందుకే కోరుట్లలో పండ్లు కట్టే వైద్యుని వద్దకు కొలతలకొకసారి, సరిచూసుకోవడానికొకసారి పోయి వచ్చాడు.

ఆ వైద్యుని గది పోలీసు ఠాణా పక్క సందులో ఉన్నది. అది అన్నల కాలం, ఊళ్లలో నక్సలైట్ల మాటే చెల్లే రోజులు. ఠాణా సందులో మాటిమాటికి కనబడే మనిషి సంగతి ఎవరో ఊళ్లో చేరవేశారు. తాను రాగానే మగ్గాల వద్ద మాటలు ఆగిపోతున్నాయని పరశురాములు గమనించాడు. ఎవరు నవ్వుతూ పలకరించినా, ఆ నవ్వు వెనుక ఏమున్నదోనని వెతికేవాడు.

మూడోసారి పోయినప్పుడు పండ్ల కట్టు చేతికిస్తూ వైద్యుడు, "పాచి పట్టనిచ్చినవు కాబట్టే కూలినయి. మిగిలినయన్న పొద్దుమాపు తోముకో. దీన్ని తీసి చల్లనీళ్లల్ల కడుగు" అన్నాడు.

పరశురాములుకు ఆ మాటా అనుమానమే. చల్లనీళ్లకు మురికి ఎట్ల పోతుంది? నూలైనా ఉడికితేనే కదా శుభ్రపడేది! ఇంటికి వచ్చి, భార్య కళావతి నూలు కోసం కాస్తున్న గంజిలో కట్టును పడేశాడు. తీసి చూస్తే పండ్లు అమర్చిన పట్టె వంకరపోయింది.

మరునాడు మళ్లీ కోరుట్లకు బయలుదేరుతుండగా, అన్నల తరఫున విచారణలు చేసే లక్ష్మీరాజం గడప తొక్కాడు.

"ఠాణా సందుల నీకేం పనే?"

"పండ్ల కోసం పోయిన అన్నా. గివిగో."

"ఏదీ, పెట్టుకో."

పెట్టుకున్నాడు. కట్టు జారి నేల మీద పడింది.

"ఎవని పండ్లో తెచ్చి నాకు సూపిస్తున్నవా?"

పోలీసు ఇన్‌ఫార్మరన్న పేరు పడినవాడు బతికి బట్టకట్టడు. కళావతే ముందుకు వచ్చింది.

"నీ కాల్మొక్కుత అన్నా, ఉడుకవెట్టిండు! నూలు లెక్క గంజిల ఏసి ఉడుకవెట్టిండు. గింత తెలివి ఉన్నోడు పోలీసోళ్లకు ఏం ముచ్చట్లు మోస్తడు?"

లక్ష్మీరాజం కట్టును తీసి వాసన చూశాడు. పండ్ల సందుల్లో గంజి ఎండి అట్టకట్టి ఉన్నది. అతడూ మగ్గం నేసే పద్మశాలి ఇంట పుట్టినవాడే. పెదవులు కదిలాయి గాని నవ్వలేదు.

"బతికినవ్ పో. మల్ల కోరుట్ల బస్సెక్కినవంటే చెప్త."

"మరి పండ్లు అన్నా..."

"పండ్లు కావాల్నా, పాణం కావాల్నా?"

ఆనాటినుండి పరశురాములు బస్టాండు ముందు తలవంచుకొని నడిచేవాడు. కోరుట్ల బస్సు వైపు చూసినా, ఆ చూపును ఎవరో చూస్తారని అతని భయం.