చేప వాసన వస్తోందమ్మాయ్!

వెంకటరామారావు గారికి లోకంలో ఎవరి మీదా కోపం లేదు; అనుమానం మాత్రం అందరి మీదా ఉంది. మ్యూనిక్ రైలెక్కి, అది మ్యూనిక్‌కే వెళ్తుందా అని ముగ్గుర్ని అడిగేవారు. ముగ్గురూ అవునంటే, ముగ్గురూ ఒకేమాట ఎందుకన్నారని మరో అనుమానం. కరోనా టెస్టు నెగెటివ్ వస్తే టెస్టు మీద అనుమానం, పాజిటివ్ వస్తే టెస్టు చేసిన మనిషి మీద అనుమానం. నరసాపురం నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళుగా జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో కార్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తున్నారు. ఆఫీసులో జీతానికి చేసే ఆ పనినే సాయంత్రం ఆరు దాటాక ఊరందరికీ ఉచితంగా చేసి పెట్టేవారు.

ఆ ఉచిత సేవ ఎక్కువగా దక్కింది చంద్రికకి. మిర్యాలగూడ అమ్మాయి, ఇంగోల్‌స్టాట్‌లోనే మాస్టర్స్ చదువుతోంది. రామారావు గారి వీధి చివర 'బాన్ నోయ్' అనే చిన్న థాయ్ హోటల్లో సాయంత్రాలు వడ్డన చేసేది. ఎనిమిది టేబుళ్ళ హోటలు. నోయ్ అనే ఆవిడ యజమానురాలు, వంటా ఆవిడదే.

రెండువేల ఇరవై జులైలో, లాక్‌డౌన్ తీసి హోటళ్ళు తెరిచిన కొత్తలో, ఆయన మొదటిసారి వచ్చారు. వచ్చినవాళ్ళందరూ పేరూ ఫోన్ నంబరూ కాయితం మీద రాసివ్వాలని అప్పట్లో రూలు. చంద్రిక కాయితం ఇచ్చింది.

"ఇది ఎవరు చదువుతారమ్మాయ్?"

"ఎవ్వరు చదవరు అంకుల్. కరోనా కేసు వస్తెనే బయటికి తీస్తరు."

"ఎవరూ చదవనిది రాయించుకోవడం దేనికి?"

"రూలు అంకుల్. నెల తర్వాత చింపేస్తం."

"చింపేటప్పుడు నేను వచ్చి చూడొచ్చా?"

పేరు రాయడానికే పావుగంట పట్టింది. ఆ తర్వాత గ్రీన్ కర్రీ దగ్గరకొచ్చారు.

"ఇందులో చేప ఉందా?"

"లేదు అంకుల్, టోఫు."

"ముక్క సంగతి కాదు. ఫిష్ సాస్?"

"మీకు వెయ్యద్దని చెప్త."

"పేస్టులో ఎండురొయ్యలు నూరతారట కదా?"

"అవి లేకుండ నూరమని చెప్త."

"మూకుడు?"

"కడిగిన్రు అంకుల్."

"ఏ పీచుతో?"

చంద్రిక లోపలికెళ్ళి పీచు కూడా తెచ్చి చూపించింది. మొత్తం పదకొండు ప్రశ్నలు. ఈ పదకొండింటికీ జవాబులు ఆమెకి కంఠతా వచ్చు, ఎందుకంటే తనూ శాకాహారే, చేరిన రోజున తనూ వంటింట్లో ఇవన్నీ చూసుకుంది. సాయంత్రం నాలుగింటికి స్టాఫ్ అందరికీ కలిపి ఒకే గిన్నెలో వండుతారు. అందులో ఫిష్ సాస్ పడని రోజు లేదు. కొత్తగా చేరిన పిల్ల నాకు వేరే వండండని ఎలా అడుగుతుంది?

"మరి నువ్విక్కడ ఏం తింటావు?" అన్నారు ఆయన. అది పన్నెండో ప్రశ్న.

"ఇంటికి పోయి వండుకుంట అంకుల్. అన్నం, పప్పు."

"ఏం పప్పు?"

చంద్రిక ఒక్క క్షణం ఆలోచించి "పెసరపప్పు" అంది. ఆయన కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూశారు. పప్పు మీద కూడా అనుమానమేనా మహానుభావా అనుకుంది చంద్రిక. నిజానికి ఆమె రాత్రి భోజనం రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక టీ.

ఆయన నాలుగోసారి వచ్చేసరికి నోయ్ ప్రాణం విసిగిపోయి, కొత్త మూకుడు కొని, రొయ్యల్లేని పేస్టు విడిగా నూరి, డబ్బా మీద 'హెర్ రావు', అంటే రావు గారు, అని రాసి పెట్టేసింది.

నవంబర్‌లో హోటళ్ళు మళ్ళీ మూతపడ్డాయి. లోపల కూర్చోవడం బంద్. కిటికీలోంచి పార్సిల్ మాత్రమే. నోయ్ మిగతా ఇద్దర్నీ మానిపించేసి చంద్రికతో సూటిగానే చెప్పింది. "డిసెంబర్ చివరిదాకా చూస్తాను. ఆర్డర్లు రాకపోతే నిన్ను కూడా పంపక తప్పదు." చంద్రిక గది మీటె, అంటే అద్దె, కట్టేది ఆ జీతంతోనే. అది పోతే గది పోతుంది. ఇంట్లో చెబితే చదువు మానేసి వచ్చెయ్యమంటారు. ఇలాంటి రోజుల్లో ఒక్క కస్టమర్ గట్టిగా ఫిర్యాదు చేసినా చాలు, తన పని అయిపోయినట్టేనని ఆమె భయం.

సరిగ్గా అప్పుడే వెంకటరామారావు గారు రోజూ రావడం మొదలుపెట్టారు.

సాయంత్రం ఐదున్నరకి ఫోను. "చంద్రికకివ్వండి. వేరేవాళ్ళతో నేను మాట్లాడను." మళ్ళీ ఆ పదకొండు ప్రశ్నలు, నిన్న అడగనట్టే. ఆరింటికి కిటికీ దగ్గర ప్రత్యక్షం. ముందు డబ్బులు కట్టేసేవారు. తర్వాత డబ్బా మూత తీసి, మాస్కు తియ్యకుండానే ముక్కు దగ్గర పెట్టుకునేవారు.

"చేప వాసన వస్తోందమ్మాయ్!"

"మెల్లగ అంకుల్! మా ఓనర్ వింటది."

"నేనిది తినను."

"వాపస్ తీసుకోరాదు అంకుల్, కరోనా రూలు."

"తీసుకోమనలేదే! పారేస్తే అన్నం పారేసిన పాపం. నువ్వే పట్టుకెళ్ళి తిను. చేప తగిలితే ఫోన్ చెయ్యి, తగలకపోయినా చెయ్యి."

చేసేదేమీ లేక గదికి తీసుకెళ్ళి తినేది. చేపా లేదు, చేప నీడా లేదు. ఫోన్ చేసేది.

"ఏం లేదు అంకుల్. మొత్తం తిన్న."

"మొత్తం అంటే? అడుగుదాకానా?"

"ఆ."

"అన్నం కూడానా?"

"ఆ అంకుల్!"

"సరే, రేపు చూద్దాం."

తనని ప్రయోగశాలలో ఎలుకని చేశాడీయన అని చంద్రికకి ఒళ్ళు మండేది. అంతకన్నా పెద్ద గుబులు ఇంకోటి. నమ్మకం లేని హోటల్‌కి రోజూ ఎవరైనా వస్తారా? కొంపదీసి సాక్ష్యాలు పోగుచేస్తున్నాడా? ఒకేసారి పెద్ద రివ్యూ రాసి హోటలు మూయిస్తాడా? పడుకునేముందు రోజూ ఫోన్‌లో హోటల్ రివ్యూలు వెతికేది. ఆయన అనుమానం అంటువ్యాధిలా ఆమెకీ పట్టుకుంది.

జనవరిలో బవేరియా రాష్ట్రంలో ఆ మందపాటి ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కులు తప్పనిసరి చేశారు. వెంకటరామారావు గారికి ఆ మాస్కు మీదా అనుమానమే కాబట్టి దాని మీద ఇంకో గుడ్డ మాస్కు కట్టారు. రెండు మాస్కులతో వచ్చి, డబ్బా ఎత్తి, "చేప వాసన వస్తోందమ్మాయ్!" అన్నారు. ఆ మాస్కుల్లోంచి వెల్లుల్లి వాసన కూడా రాదు. చేప వాసన ఎట్లొచ్చిందని చంద్రికకి మొదటిసారి వేరే రకం అనుమానం కలిగింది.

ఇంకో వింత కూడా జరుగుతోంది. హోటల్ ఫోన్ మోగడం ఎక్కువైంది. అన్నీ తెలుగు గొంతులు. "చంద్రికగారేనాండీ? రెండు వెజ్ గ్రీన్ కర్రీలు. అబ్బే, ప్రశ్నలేం లేవండి." నోయ్ జనవరి మొదట్లోనే "అందరూ నిన్నే అడుగుతున్నారు, నువ్వెక్కడికీ వెళ్ళడానికి లేదు" అని ఇంకో రెండు సాయంత్రాలు పని పెంచింది. మీటె గండం గట్టెక్కింది గానీ ఎలా గట్టెక్కిందో చంద్రికకి అర్థం కాలేదు.

ఫిబ్రవరిలో వరసగా రెండ్రోజులు ఐదున్నరకి ఫోన్ రాలేదు. పీడా పోయిందని చంద్రిక సంతోషించాలి. సంతోషించకపోగా మాటిమాటికీ గడియారం చూసుకుంది. మూడోరోజు కిటికీ దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది.

"నేను వెంకటరామారావు గారి భార్యనమ్మా, రత్నకుమారిని. ఆయన మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. జారుతుంది జాగ్రత్త అని బోర్డు పెట్టారట. నిజంగా జారుతుందా అని కాలు పెట్టి చూశారు."

"అయ్యో! ఇప్పుడెట్లున్నరు ఆంటీ?"

"కట్టు మీద అనుమానపడుతూ పడుకున్నారు. కాస్త చేపల కూర కట్టివ్వమ్మా, ఘాటుగా."

"చేపలా! ఎవలికి ఆంటీ?"

"ఆయనకే. మూడ్రోజులుగా చేప లేదని ఒకటే నస."

"అంకుల్ వెజిటేరియన్ కదా?"

రత్నకుమారి నవ్విన నవ్వుకి కళ్ళజోడు మసకబారింది. "నరసాపురం మనిషమ్మా! ఒక్క శనివారం తప్ప మా ఇంట్లో బీరకాయ కూడా రొయ్యలు లేకుండా వండితే ముట్టరు."

"మరి రోజు ఆ చేప వాసన గోలెందుకు ఆంటీ?" అంది చంద్రిక.

"జులైలో ఆ మొదటి శనివారం మీ హోటల్ నుంచి ఇంటికి రాగానే చెప్పారు. 'ఆ పిల్ల అబద్ధం చెప్పింది రత్నం. ఏం పప్పంటే ఆలోచించింది. రోజూ వండుకునేవాళ్ళు ఆలోచించరు' అని. ఊరికే ఇస్తే తీసుకోవని ఈ చేప వాసన నాటకం. నీ ఉద్యోగం సంగతి మీ ఓనర్ చెప్పిందట. అంతే, ఊళ్ళో తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టేశారు. పదకొండు ప్రశ్నలడిగాను, చంద్రిక అన్నిటికీ జవాబు చెప్పింది, ఆ అమ్మాయి ఉన్నంతకాలం శాకాహారులు నిశ్చింతగా తినొచ్చని. ఈయనే నమ్మాక ఇంక మనమెంత అని జనం ఎగబడ్డారు."

చంద్రికకి ముందు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది, ఆ తర్వాత ముక్కు ఎర్రబడింది. మాస్కు ఉండటం మంచిదైంది.

"మీరు పోన్రి ఆంటీ. నేనే తెస్త."

పని ముగించుకుని, చేపల కూర తన డబ్బుతోనే కొని పట్టుకెళ్ళింది. వెంకటరామారావు గారు సోఫాలో, కాలు రెండు దిండ్ల మీద.

"ఒక్కదానివే వచ్చావా? ఇంటికి ఒక్క అతిథే అని రూలు!"

"ఒక్కదాన్నే అంకుల్. చిన్న డౌటు అడుగుదామని వచ్చిన. ఈ డబ్బాల చేప లేదేమో అనిపిస్తుంది. నేనైతే తినరాదు. మీరే చూసి చెప్పాలె."

ఆయన భార్య వైపు చూశారు. రత్నకుమారి పైకప్పు వైపు చూసింది. విషయం అర్థమై, గొంతు సవరించుకుని, ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

"ఉన్నట్టే ఉంది. కచ్చితంగా చెప్పలేను." ఇంకో ముక్క. "ఊహూఁ, తేలట్లేదు." డబ్బా ఖాళీ అయింది. "రేపు ఇంకోటి తే. ఇది ఒక్కరోజులో తేలే వ్యవహారం కాదు. అది సరే, నువ్వు తిన్నావా?"

"తిన్న అంకుల్."

"అనుమానమే. రత్నం, కంచం పెట్టు!"

రత్నకుమారి వంటింట్లోంచి ఒక గిన్నె తెచ్చి చంద్రిక ముందు పెట్టింది. గుత్తివంకాయ కూర. గిన్నె కొత్తది, మూత మీద షాపు స్టిక్కరు కూడా పీకలేదు.

"డిసెంబర్‌లోనే కొన్నారమ్మా, నిన్ను భోజనానికి పిలవాలని. రూలు మీద రూలు వచ్చి కుదర్లేదు. ఇందులో ఏనాడూ చేప ఉడకలేదని నీకు రుజువు ఉండాలట. స్టిక్కరు ముట్టుకుంటే ఒప్పుకోలేదు."

చంద్రిక స్టిక్కరు వైపు చూడనైనా చూడకుండా మూత తీసి, గరిటెతో రెండు వంకాయలు వడ్డించుకుని, గబగబా ముద్ద కలిపింది.

వెంకటరామారావు గారు కంగారుగా సోఫాలో లేచి కూర్చున్నారు.

"అదేంటమ్మాయ్, ఒక్క ప్రశ్నయినా అడగవేం? అలా నమ్మేస్తే ఎలా!"