తగ్గింది అనకు నాన్నా

సహోదర సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. పోయిన ఏడాది ఇదే మందిరంలో, ఇదే మైకు పట్టుకుని నేనొక సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టి స్తోత్రం చెల్లించారు, గుర్తుందా? ఆ సాక్ష్యాన్ని ఇవాళ వెనక్కి తీసుకోవడానికి వచ్చాను. గాభరా పడకండి, దేవుడు చేసిన మేలును కాదు, నా తొందరను వెనక్కి తీసుకుంటున్నాను!

కొత్తవాళ్ల కోసం చెప్తున్నాను, నా పేరు యాదగిరి, మాది నల్లగొండ దగ్గర పల్లె, మన్సూరాబాద్‌లో కిరాయికి ఉంటాం, స్కూలు వ్యాన్ నడుపుతాను, చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా పిల్లల్ని ఎక్కించుకుంటాను. వ్యాన్ అద్దంలో వాళ్ల ముఖాలు చూసి ఎవరికి జ్వరమో, ఎవరు అన్నం తినకుండా వచ్చారో చెప్పేసేవాణ్ణి, అదొక గర్వం నాకు! నా కూతురు శ్రావణి తొమ్మిదో తరగతి, అదే వ్యాన్‌లో నా వెనక సీట్లోనే కూర్చునేది, ఆ పిల్ల ముఖం మాత్రం నాకు కనబడలేదు.

మొదట టిఫిన్ డబ్బా నిండుగా తిరిగొచ్చేది, తర్వాత తల దువ్వుకోవడం మానేసింది, ఇంటికి రాగానే గోడ వైపు తిరిగి పడుకునేది, క్లాసులో చదవమని లేపితే చేతులు వణికి ఏడ్చేసేదట. నేనేమో ఫోన్ పిచ్చి అని ఫోన్ లాక్కున్నాను, బద్ధకమని తిట్టాను. మా తమ్ముడు వచ్చి "పిల్లను పిచ్చి దవాఖానకు తీస్కపోతవా ఏంది, నలుగురికి తెలిస్తే రేపు పెండ్లెట్ల అయితది?" అంటే నాకూ అదే నిజమనిపించింది. చివరికి నా భార్యే "నీకు ఇజ్జత్ ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా?" అని నిలదీసి దవాఖానకు తీసుకుపోయింది. దీన్ని డిప్రెషన్ అంటారు, ఇది జ్వరం లాంటి జబ్బే, మీ తప్పూ కాదు, పాప తప్పూ కాదు అని డాక్టరమ్మ గోలీలు రాసింది, నెలల తరబడి వాడాలి, నన్ను అడగకుండా ఆపొద్దు అంది.

మూడు నాలుగు వారాలకు శ్రావణి నవ్వింది, రెండు చపాతీలు తిన్నది. సహోదరులారా, ఆ రెండు చపాతీలు చూసి నేను ఆగలేకపోయాను! ఆ ఆదివారమే ఇక్కడ నిలబడి "నా బిడ్డకు తగ్గింది, సంపూర్ణంగా తగ్గింది" అని కేకవేశాను. మన అలవాటు మీకు తెలియనిదా, సాక్ష్యమంటే 'తగ్గింది' అనే మాటతో ముగియాలి, 'తగ్గుతోంది' అంటే విశ్వాసం చాలలేదనుకుంటారేమోనని మనకు భయం. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న శ్రావణి తల వంచుకుంది, నేను దాన్ని భక్తి అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఆ పిల్ల గోలీలు మింగడం మానేసి ఒక్కొక్కటీ పూలకుండీ మట్టిలో దాచేసేదని మాకు తర్వాత తెలిసింది. మా ముందు నవ్వేది, డబ్బాలో అన్నం ఎవరికో పెట్టి ఖాళీ డబ్బా తెచ్చేది, మేము సంతోషించేవాళ్లం. రెండు నెలలకు ఒకరోజు పరీక్ష మధ్యలో లేచిపోయి మెట్ల కింద ముడుచుకుని కూర్చుందని లెక్కల టీచరమ్మ నన్ను పిలిపించింది. ఆమెది గుంటూరు వైపు, మన విశ్వాసం కాదు. "యాదగిరిగారూ, బండిలో పిల్లలందరి ముఖాలూ చూస్తారు కదండీ, మీ పాప ముఖం ఎప్పుడు చూశారు?" అంది. నాకు చర్రున కోపం వచ్చింది, "మా పాపకు తగ్గింది మేడం, మా సంఘమంతా సాక్షి!" అని గట్టిగానే అన్నాను. ఆమె పోయి మెట్ల కింద శ్రావణి పక్కన నేల మీదే కూర్చుని నీళ్లు తాగించింది.

మర్నాడు పొద్దున ఇంట్లో ప్రార్థన చేసుకుంటుంటే శ్రావణి వంతు వచ్చింది. కళ్లు మూసుకుని ఇలా ప్రార్థన చేసింది:

"ప్రభువా, నాకు తగ్గిందని మా నాన్న అందరికి చెప్పిండు. నాకు తగ్గలే. గోలీలేసుకుంటే నాన్న మాట అబద్దమైతదని ఏసుకుంటలేను. మా నాన్నను అబద్దాలోడిని చెయ్యకు. నన్ను జల్ది బాగుచెయ్యి, లేకుంటే నీ దగ్గరికి తీస్కపో."

ఆమేన్ అనకుండానే నేను కళ్లు తెరిచాను. నా బిడ్డ నా పరువు కాపాడటానికి చచ్చిపోవడానికైనా సిద్ధపడింది, అయ్యో, నేనెలాంటి తండ్రిని! దగ్గరికి లాక్కుని "నేను అబద్దాలోడినైనా మంచిదే బిడ్డా, నువ్వుంటె చాలు" అని ఏడ్చాను. ఆ పూటే డాక్టరమ్మ దగ్గరికి పోయి ఆ ప్రార్థన ఉన్నదున్నట్టు చెప్పాం, గోలీలు మళ్లీ మొదలయ్యాయి, పిల్లను ఒంటరిగా వదలొద్దంటే వాళ్లమ్మ పని మానుకుని పక్కనే ఉంది. తర్వాత మన పాస్టరయ్యగారి దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పుకున్నాను, ఆయన జేబులోంచి బీపీ గోలీల పట్టీ తీసి చూపించి "నేను ఇవి ఏసుకొని ప్రార్థన చేస్తలేనా యాదగిరీ? గోలీ ఏసుకుంటప్పుడు గూడ స్తోత్రం చెప్పుమను" అన్నాడు. టీచరమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను. శ్రావణికి ఆమె తలుపు పక్కన సీటిచ్చింది, మనసు బాగాలేకపోతే పెన్ను క్యాపు తీసి బెంచీ మీద పెడితే చాలు, ఎవరూ ఏమీ అడగరు, లేచి స్టాఫ్ రూముకు వెళ్లి ఆమె దగ్గర కూర్చోవచ్చు. ఆ టీచరమ్మను కూడా నా దేవుడే పంపాడు, అలా అనడానికి నాకు సిగ్గులేదు!

ఇప్పటికీ కొన్ని రోజులు శ్రావణి గోడ వైపు తిరిగి పడుకుంటుంది. కానీ ఇప్పుడు తనే "నాన్నా, ఇయ్యాల నాకు బాగలేదు" అని చెప్తుంది. మా ఇంట్లో జరిగిన విడుదల అదే, దేవునికే మహిమ!

మీ ఇళ్లలో కూడా ఇలాంటి బిడ్డ ఉంటే ప్రార్థన చేయండి, దవాఖానకు తీసుకుపోండి, బడిలో టీచరుకు చెప్పండి. దేవుణ్ణి నమ్మండి, ఆయనకు తొందర లేదు, తొందరంతా మనదే. మీ బిడ్డ తన నోటితో చెప్పేదాకా మీరు మైకు పట్టుకోకండి.

ఇవాళ ఇక్కడికి వచ్చేముందు శ్రావణిని అడిగాను, నీ సంగతి చెప్పనా బిడ్డా అని. "చెప్పు గని, తగ్గింది అనకు నాన్నా" అంది. అదిగో, ఫ్యాను కింద కూర్చుని నేనేమంటానో అని నా వైపే చూస్తోంది. సహోదరులారా, నా బిడ్డకు తగ్గుతున్నది.

సరిగ్గా చెప్పిన్నా బిడ్డా? తల ఊపింది. స్తోత్రం!