పిన్ని వదలలేని ముక్క

మా పిన్ని ఇరవై రెండేళ్లుగా రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. బల్ల మీద జానెడు గుడ్డ మిగిలితే ఆ పూట ఆవిడకి అన్నం సహించదు. పీలికైనా సరే, ఏ జేబులోకో కాలర్ మడతలోకో పోవాల్సిందే. ఆవిడ గొప్పంతా అదే. కొంప ముంచిందీ అదే.

కంప్యూటర్ కటింగ్ మిషన్ వస్తోందన్నారు. ప్రోగ్రామింగ్ పరీక్షలో మొదట వచ్చినవాళ్లకి దాని దగ్గర కుర్చీ, మిగతావాళ్లంతా ప్యాకింగ్‌కి. చదువుకున్న పాపానికి పిన్నికి నేర్పించే పని నా నెత్తిన పడింది.

పాఠం ఫోన్లో ఆటలా ఉంటుంది. ప్రోగ్రాములోని వరసల్ని, అంటే ఏది ముందు కొయ్యాలో ఏది తర్వాతో మిషన్‌కి చెప్పే ముక్కల్ని, కలగాపులగం చేసి ఇస్తారు, మనం సరిగ్గా పేర్చాలి. కాలర్ ముందా, చేతులు ముందా అన్నది ఎరిగిన మనిషికి అదో లెక్కా? ఇట్టే పట్టేసింది. కాకపోతే కావాలనే రెండు మూడు పనికిరాని వరసలు కలుపుతారు, వాటిని వదిలేయాలి. పిన్ని వదిలితేగా! ఎక్కడో ఒకచోట ఇరికించేది. మూడుసార్లు తప్పితే సాయం కావాలా అని ఆటే అడుగుతుంది. సరేనంటే పనికిరానివి తీసేసి, మిగతావాటిని జతలు కలిపి ఇస్తుంది. పిన్నికది తల కొట్టేసినట్టుండేది. ఎప్పుడూ వద్దనే నొక్కేది.

వాళ్ల సూపర్‌వైజర్‌కి అంత పౌరుషం లేదు. పరీక్షలో ప్రతి లెక్కా కావాలని తప్పు చేసి, సాయం అడిగి అడిగి, రెండే ముక్కలు మిగిలాక పేర్చాడు. సాయం తీసుకున్నా సరే, పూర్తిచేస్తే చాలు, మార్కులు పూర్తిగా వేస్తారు. పిన్ని అన్నీ సొంతంగా చేసింది. చివరి లెక్కలో ఒక్క వరస మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టాలా అని చూస్తుండగానే టైమైపోయింది.

కుర్చీ ఆయనకే దక్కింది. నాకైతే ఒళ్లు మండింది. పిన్ని ఇంటికొచ్చి, కత్తెర బీరువాలో పెట్టి, కూర్చుని ఏడ్చింది.

మిషన్ వచ్చిన వారానికి సూపర్‌వైజర్ ప్యాకింగ్ బల్ల దగ్గరికొచ్చి, ఎన్నడూ లేనంత మెత్తగా, వరస ఎక్కడో తప్పుతోంది, ఒకసారి చూడమన్నాడు. పిన్ని అట్టపెట్టెకి టేపు అంటిస్తూ తలెత్తలేదు.

“మూడుసార్లు తప్పు చెయ్యి తమ్ముడూ, అదే సాయం చేస్తుంది.”

“చేశానక్కా. మూడొందల చొక్కాలకి రెండూ ఎడమచేతులే కోసింది.”

అంత గుడ్డ పాడైందని వినగానే పిన్ని టేపు పక్కన పడేసి పరిగెత్తింది.

ఇప్పుడు కుర్చీలో ఆయన, పక్కన నిలబడి పిన్ని. ఆవిడ చెబుతుంది, ఆయన నొక్కుతాడు. పీలిక కూడా మిగలట్లేదని యజమాని ఆయన్ని మెచ్చుకున్నాడట. పిన్ని హాజరు మాత్రం ప్యాకింగ్‌లోనే పడుతోంది.