రెండుసార్లు బిగించిన కోటు

ప్రతిరోజూ పొద్దున్నే, షాపు షట్టర్ ఎత్తకముందు, అంగుళం మాస్టర్ దారం రీళ్ళ డబ్బా అడుగున ఒక ఇంజెక్షన్ పెన్ను పెట్టుకుని, రెండు వీధుల అవతల ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళేవాడు. పెన్ను ఇచ్చింది అతనికి. పొడుచుకునేది చెల్లెలు. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని, పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని పని కానిచ్చేది. అంతసేపూ అతను కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడేవాడు. తర్వాత పెన్ను మళ్ళీ రీళ్ళ కిందికి పోయేది.

అంగుళం అన్నది అతని పేరు కాదు. బట్ట కత్తిరించేటప్పుడు కుట్టు లోపల ఒక అంగుళం అదనంగా వదలడం అతని అలవాటు. ఒళ్ళు చేసినవాళ్ళు మళ్ళీ వస్తే కుట్టు విప్పి వదులు చేసి ఇస్తాడు. అందుకని ఊరంతా కలిసి పెట్టిన పేరది. మిషన్ ముందు కూర్చుంటే ఎంత తక్కువ మాట్లాడతాడో, టేపు పట్టుకుని నిలబడితే అంత ఎక్కువ మాట్లాడతాడు. కొలత ఇచ్చేటప్పుడు పొట్ట బిగబట్టేవాళ్ళంటే అతనికి సరదా. "ఊపిరి వదలండి సార్. నేను ప్యాంటు కుడుతున్నది మీకు, మీ ఫోటోకి కాదు" అంటాడు. వాళ్ళు నవ్వుతారు. నవ్వితే పొట్ట ఉన్న చోటికి వస్తుంది. అప్పుడు కొలత రాసుకుంటాడు.

షుగర్ ఉందని తెలిసి చాలా కాలమే అయింది. మాత్రలు మింగేవాడు, మర్చిపోయేవాడు, గుర్తొచ్చినప్పుడు రెండు పూటలవీ కలిపి మింగేవాడు. ఒకసారి మందుల కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు పక్క గదిలో పరిశోధన జరుగుతోందనీ, కొత్త మందు పరీక్షించడానికి మనుషులు కావాలనీ చెప్పారు. అక్కడి నర్సు అతన్ని కూర్చోబెట్టి అంతా విడమరిచింది. రోజుకొక ఇంజెక్షన్, ఎవరికి వాళ్ళే చేసుకోవాలి. వచ్చినవాళ్ళలో సగం మంది పెన్నుల్లో మందు ఉంటుంది, సగం మంది పెన్నుల్లో ఉండదు. ఎవరి పెన్నులో ఏముందో తనకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. భయమైతే ఇప్పుడే మానేయొచ్చు, మధ్యలో మానేసినా ఎవరూ ఏమీ అనరు.

"సూదికి భయపడితే నా ఇల్లెట్లా గడుస్తుందమ్మా" అన్నాడతను. నర్సు నవ్వింది. ఆ రోజు నుంచి అతన్ని బాబాయ్ గారూ అని పిలవడం మొదలుపెట్టింది.

చెల్లెలిని కూడా చేర్చుకోమని అడిగాడు. ఆవిడ ఇన్సులిన్ మీద ఉంది కాబట్టి కుదరదన్నారు. అతనికి అది నచ్చలేదు. జ్వరం తక్కువున్నవాడికి మందిచ్చి, ఎక్కువున్నదాన్ని గుమ్మంలోంచి పంపేసినట్టుందని ఇంటికొచ్చి భార్యతో అన్నాడు. పెన్నులో మందు ఉండకపోవచ్చన్న మాట మాత్రం భార్యకు చెప్పలేదు. అసలు ఆ మాట అతని చెవిలోకి వెళ్ళింది కానీ లోపలికి దిగలేదు. ఎవరికో ఒకరికి లేకపోవచ్చు. తనకెందుకు లేకుండా ఉంటుంది?

పైగా మొదటి వారమే కడుపులో తిప్పింది. అన్నం వాసన పడలేదు. కొత్త మందుకు అలా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి, తిప్పుతున్నకొద్దీ సంతోషపడ్డాడు. నర్సు చెప్పినట్టు నడక మొదలుపెట్టాడు, టీలో చక్కెర మానేశాడు, మాత్రలు వేళకి మింగాడు. షుగర్ దిగింది. పరిశోధన కేంద్రంలో అందరూ మెచ్చుకున్నారు. కొత్తగా చేరడానికి వచ్చినవాళ్ళు బెదురుతుంటే, బాబాయ్ గారూ మీరొకసారి వచ్చి మాట్లాడండి అని నర్సు పిలిచింది. గురువారం గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, పదిమంది ముందు నిలబడి తన సంగతి చెప్పేవాడు. అంతకుముందు జీవితంలో అతన్ని ఎవరూ మాట్లాడమని పిలవలేదు. ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు తల ఇంకాస్త పైకెత్తి నడిచేవాడు.

చెల్లెలు బస్సు డిపోలో టికెట్ల కౌంటర్లో పనిచేసేది. భర్త పోయాక అదే ఆధారం. మధ్యాహ్నం ఇన్సులిన్‌కి డిపో వెనక బాత్రూంలో, ఒక కాలితో తలుపు తోసి పట్టుకుని పొడుచుకోవాలి. గడియ ఉండదు. బయట ఎవరో తడుతూనే ఉంటారు. అంత చేసినా షుగర్ ఎప్పుడూ ఎక్కువే. ఒకరోజు ఆ బాధ చెప్పుకుని ఏడ్చింది. ఏడ్చే మనిషి కాదు.

మర్నాడు అతను పెన్ను తీసుకెళ్ళాడు. "నా షుగర్ నా మాట వింటోంది. ఈ మందు నాకంటే నీకు అవసరం" అన్నాడు.

ఇన్సులిన్ సంగతేమిటని ఆవిడ అడిగింది.

"రెండూ కలిస్తే కళ్ళు తిరిగి పడతావు. అది ఆపేయ్."

ఆ మాట అతనన్నదే. తర్వాత ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా, ఇంకెవరి నోట్లోనూ పెట్టలేకపోయాడు.

వాడిన పెన్నులు కేంద్రానికి తిరిగి ఇచ్చేయాలి. అవి ఖాళీగానే వెళ్ళేవి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అతని షుగర్ నడక వల్లా మాత్రల వల్లా దిగే ఉంది. చెల్లెలు కూడా, అన్నయ్య మందు వచ్చాక ఒళ్ళు తేలికైందని చెప్పేది. మధ్యాహ్నం బాత్రూం బాధ తప్పింది కదా, తేలిక కాక ఏమవుతుంది? ఇంట్లో షుగర్ చూసుకునే మీటరుంది గానీ దాని స్ట్రిప్పులు అయిపోయాయి. ఇంత మంచి మందుండగా రోజూ వేలు గుచ్చుకోవడం దేనికని అతనే అన్నాడు.

ఆవిడ సన్నబడింది. ఈ రకం మందుతో బరువు తగ్గొచ్చని కేంద్రంలో చెప్పారు. డిపో యూనిఫాం కోటు వదులైతే తెచ్చిచ్చింది. రెండు పక్కలా బిగించి కుట్టాడు. కొన్నాళ్ళకి మళ్ళీ వదులైంది. మళ్ళీ బిగించాడు. టేపు చుట్టి చూస్తూ, "చూశావా, నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా పొట్ట బిగబట్టి తగ్గిస్తారు. నువ్వు నిజంగా తగ్గావు" అన్నాడు. ఆవిడ నవ్వి, పక్కనున్న సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగింది. నీళ్ళు బాగా తాగుతోంది, అదీ మంచి అలవాటేననుకున్నాడు.

భార్య మాత్రం ఊరుకోలేదు. "ఏవండీ, మీరు నడుము కొలుస్తున్నారు. ఆ పిల్ల మొహం చూశారా? పీక్కుపోయింది" అంది. టైలరు నువ్వా నేనా అని అతను మాట తప్పించాడు. చెల్లెలి కుడికాలి చిటికెన వేలి దగ్గర బూటు ఒరుసుకుని పుండు పడిందనీ, అది మానడం లేదనీ కూడా భార్యే చెప్పింది. బూటు మార్చుకోమన్నాడు.

ఒక గురువారం అతను కేంద్రంలో కొత్తవాళ్ళ ముందు మాట్లాడుతున్నాడు. ఒక్క రోజు కూడా ఇంజెక్షన్ మానలేదని చెబుతున్నాడు. ఎప్పుడూ చెప్పే మాటే. జేబులో ఫోను మోగింది. డిపో నుంచి. చెల్లెలు కౌంటర్లో కుర్చీలోంచి కింద పడిపోయిందట, ఆస్పత్రికి తీసుకెళ్ళారట.

అతను వెళ్ళేసరికి భార్య అప్పటికే మంచం పక్కన ఉంది. చెల్లెలికి సగం తెలివి ఉంది, సగం లేదు. డ్యూటీ డాక్టరు చిన్నది, కానీ గొంతు గట్టిది.

"రోజూ ఇంజెక్షన్ చేసుకుంటున్నానంటున్నారీవిడ. ఇన్సులిన్ తీసుకునే మనిషికి షుగర్ ఇంత ఉండకూడదు. ఆ సీసా చెడిపోయుండాలి. తెచ్చి చూపించండి" అంది.

అప్పుడే చెప్పేయొచ్చు. నోట్లోంచి, తెస్తానన్న మాట వచ్చింది. తెస్తానని బయల్దేరాడు.

చెల్లెలి ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో ఇన్సులిన్ సీసా ఉంది. మూత మీద సీలు తీయనే లేదు. దాన్ని పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. కుట్టు కనబడకుండా విప్పడం, విప్పింది తెలియకుండా కుట్టడం అతని వృత్తి. బొటనవేలి గోరు మూత కింద పెట్టి పైకి లేపాడు. టక్కుమని ఊడింది. మూత జేబులో వేసుకుని ఆస్పత్రికి వెళ్ళాడు.

డాక్టరు సీసాని వెలుతురుకేసి ఎత్తి చూసింది. "నిండుగా ఉందేంటి?"

సీలు సంగతి ఆలోచించాడు గానీ, లోపలున్న మందు సంగతి ఆలోచించలేదు. ఏదో చెప్పబోయాడు. భార్య అతని మొహంలోకి కాదు, అతను తడుముకుంటున్న జేబు వైపు చూస్తోంది.

"చెప్పండి" అంది మెల్లిగా. "ఆ రీళ్ళ డబ్బా సంగతి చెప్పండి. రోజూ పొద్దున్నే దాన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్తున్నారో చెప్పండి."

చెప్పాడు. నిలబడి, చేతులు ముందు కట్టుకుని, స్కూల్లో తప్పు చేసినవాడిలా చెప్పాడు. పక్క మంచాలవాళ్ళు వింటున్నారు. ఎప్పటినుంచని డాక్టరు అడిగింది.

"కోటు మొదటిసారి బిగించకముందు నుంచి."

డాక్టరుకు అర్థం కాలేదు. భార్యకు అర్థమై మొహం తిప్పుకుంది.

పరిశోధనవాళ్ళు అతనికిచ్చిన కార్డు మీద నంబరుంది. డాక్టరు దానికి ఫోను చేసింది. ఇలాంటి ప్రమాదం వస్తే ఎవరి పెన్నులో ఏముందో తెరిచి చూడడానికి వాళ్ళకు వీలుంటుంది. కాసేపటికి జవాబు వచ్చింది. అతనికిచ్చిన పెన్నుల్లో మందు లేదు. ఉన్నా అది ఇన్సులిన్‌కి బదులుగా వాడేది కాదని డాక్టరు అంది, కానీ ఆ రెండో మాట అతనికి వినబడలేదు. ఇన్నాళ్ళూ చెల్లెలు కుర్చీ అంచున కూర్చుని, మొహం పక్కకు తిప్పుకుని పొడుచుకున్నది ఒట్టి ద్రవం. అన్నాళ్ళూ అతను కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం కేంద్రం నర్సు వచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మొదటి వారం కడుపులో తిప్పిందన్నారు బాబాయ్ గారూ" అంది.

"తిప్పింది."

ఆ తర్వాత ఆమె చెప్పినదాని సారం ఇది: అతని పేరుతో తాము రాసుకున్నదేదీ ఇక నమ్మడానికి లేదు. రేపు ఈ మందు వేలమందికి ఇవ్వాలా వద్దా అన్నది అతనిలాంటి కొద్దిమంది నిజం చెప్పడం మీదే ఆధారపడి ఉంది. అతని మాటలు విని ధైర్యం తెచ్చుకుని చేరినవాళ్ళున్నారు. వాళ్ళలో ఎందరు ఇంట్లోవాళ్ళకి పెన్ను ఇస్తున్నారో తనకు తెలియదు. వెళ్తూ వెళ్తూ, వచ్చే గురువారం కూడా రమ్మంది. అతను తలెత్తలేదు.

చెల్లెలి కాలి చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది. కట్టు విప్పి మార్చేటప్పుడు అతను బయటికి వెళ్ళబోతే, ఆవిడ వెళ్ళొద్దంది. కిటికీ వైపు కూడా తిరగొద్దంది. చూశాడు.

ఆస్పత్రి నర్సు కట్టు కట్టి వెళ్ళాక ఆవిడ అంది: "నీది తగ్గిందని ఊరందరికీ చెప్పుకున్నావు. నాది పెరిగిందని నాక్కూడా తెలియనివ్వలేదు కదా అన్నయ్యా."

అతను మంచం మీంచి జారిన దుప్పటి సర్దబోతే ఆవిడ ఆపింది.

"ఆ కోటు కుట్లు విప్పు. మళ్ళీ డ్యూటీకి వెళ్ళాలి నేను."

షాపులో కోటు తిరగేసి, రెండోసారి వేసిన కుట్టు ముందు విప్పాడు, తర్వాత మొదటిది. అంగుళం లోపలే ఉంది. ఇంకా చెల్లెలి ఒళ్ళు కోటుకు సరిపడా రాలేదు. అయినా పూర్తిగా వదిలేశాడు. ఎన్నడూ లేనిది, కొలత తీసుకోకుండా కుట్టాడు.

గురువారం కేంద్రానికి వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు. కొత్తవాళ్ళు తొమ్మిదిమంది కూర్చునున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, ఇన్సులిన్ ఆపేయమన్న మాటతో సహా, సీసా మూతతో సహా. చివరికి ముందు వరసలో ఉన్న ఒకాయన, ఏమడగాలో తెలియక, "మీ షుగర్ ఇప్పుడెంతుందండీ?" అనడిగాడు.

"నాది బాగానే ఉంది" అన్నాడు అంగుళం మాస్టర్. "ఆస్పత్రిలో చేర్చిన రోజు మా చెల్లెలిది అయిదు వందల డెబ్భై రెండు."