ఏడో నంబరు కుంటుతున్న సంగతి

ఓడిన జట్టుకు ఊరంతా గురువులే. ఈ మాట దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంత నిజమో, లక్ష మంది పట్టే మైదానాలున్న దేశాల్లోనూ అంతే నిజం. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఓడితే అభిమానులు రాత్రికి రాత్రి కోచ్ ఇంటి ముందు ‘ఈ ఇల్లు అమ్మబడును’ అని బోర్డు పాతి పోతారట. మనవాళ్ళు బోర్డుకు కూడా ఖర్చు పెట్టరు. చాయ్ దుకాణం ముందు నిలబడి, మాటలతోనే ఇల్లు ఖాళీ చేయిస్తారు.

బుధవారం నాడు యూనివర్సిటీ మైదానంలో, కాలేజీల మధ్య పోటీ ఫైనల్లో, కొత్తపేట కాలేజీ ఒకటికి మూడు గోల్స్ తేడాతో ఓడింది. ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు కూడా కాలేజీ గేటు ఎదుటి చాయ్ దుకాణం దగ్గర ఆ మ్యాచ్ నడుస్తూనే ఉంది. పది గంటలకు కాలేజీ కరస్పాండెంటు పాత విద్యార్థులనూ, అభిమానులనూ మైదానం మెట్ల మీదికి రమ్మని కబురు పెట్టాడు. పందొమ్మిదేళ్ళుగా కోచ్‌గా ఉన్న రాఘవేంద్రను ఉంచాలా, మార్చాలా అన్నది అక్కడ తేలాలి.

ఉంచాలనే పక్షానికి త్రినాథరావు పెద్ద. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఇక్కడే స్థిరపడ్డ బ్యాంకు ఆఫీసరు, ఇప్పుడు రిటైరు. కొడుకు ఎప్పుడో ఈ జట్టులో గోల్ కీపరు. మార్చాలనే పక్షానికి యోగేందర్. పాత కెప్టెను, బడంగ్‌పేటలో ప్లాట్లు అమ్ముతాడు. పందొమ్మిదేళ్ళలో ఒక్కటే కప్పు వచ్చిందని, అది కూడా తమ కాళ్ళతో తాము కొట్టుకున్నదే తప్ప సారు గొప్పేమీ లేదని అతని వాదన. ఆ కాళ్ళకు తన్నడం నేర్పిందెవరయ్యా అని త్రినాథరావు.

“సారు ఈ ఏడు జట్టునంతా కొత్తగా కట్టాడు. పిల్లలు మొదటి ఏడాదిలో ఉన్నారు, కుదురుకోవద్దూ? మూడేళ్ళాగితే రేటొస్తుందని బీడుభూములు అమ్ముతావే, ఈ కుర్రాళ్ళ దగ్గర మాత్రం మూడు నెలలు ఆగలేవా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. యోగేందర్ కూడా నవ్వాడు గానీ, గ్లాసు కింద పెట్టి అడిగాడు.

“కుంటెటోన్ని బయటికి తియ్యకుంట ఉరికిచ్చినోడు కోచా సార్?”

నాలుగు రోజులుగా ఎంత వాదించినా కథ అక్కడికే వచ్చి ఆగుతోంది. ఏడో నంబరు చొక్కా వేసుకున్న మహేష్ రెండో సగంలో కింద పడ్డాడు, లేచాడు, కుంటుతూనే ఆడాడు. కోచ్ అతన్ని తీయలేదు. చివరి రెండు గోల్సూ మహేష్ వదిలేసిన పక్క నుంచే పడ్డాయి. ఇప్పుడు మహేష్ మోకాలికి కట్టు; లోపలి నరమేదో తెగింది, ఆరు నెలలు బంతి ముట్టకూడదన్నారు.

యోగేందర్ వెనక్కి తిరిగి, పాన్‌డబ్బాకు ఆనుకుని నిలబడ్డ పెద్దాయనను చూశాడు.

“కాకా, నువ్వు బెంచి మీద సారు పక్కకే కూసుంటివి. నువ్వే చెప్పు. నీ మాటకే కట్టుబడ్తం.”

“నేనూ ఒప్పుకుంటా,” అన్నాడు త్రినాథరావు. “బిక్షమయ్య ఏం చెబితే అదే.”

బిక్షమయ్య చాయ్ తాగలేదు. అది మీగడ కట్టింది. “పది గంటలకు చెప్తా,” అని గేటు దాటి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆయన అంత తక్కువ మాట్లాడటం అక్కడెవరూ ఎరగరు. ఊరు అబ్దుల్లాపూర్‌మెట్ పక్క పల్లె. ముప్పై నాలుగేళ్ళు ఆర్టీసీలో కండక్టరు. బంతితో పరిచయం బస్సు ద్వారానే కలిగింది. ట్రిప్పుల మధ్య బండి ఈ గోడ పక్కనే ఆగేది. ఒకరోజు గోడ మీంచి ఎగిరొచ్చిన బంతి వెనకద్దం పగలగొట్టింది. తిట్టడానికి లోపలికి పోయినవాడు ఆట చూస్తూ నిలబడిపోయి, రెండో ట్రిప్పు ఆలస్యం చేసి, డిపోలో మెమో తీసుకున్నాడు. ఆ తర్వాత సెలవులన్నీ ఈ మైదానంలోనే గడిచాయి. గీతలకు సున్నం పోయడం, నీళ్ళ డబ్బాలు మోయడం తనకు తానే ఒప్పజెప్పుకున్నాడు. రిటైరయ్యాక అదే ఉద్యోగమైంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా కోచింగ్ అనే మాటకు పరీక్షలు తప్ప వేరే అర్థం లేదు. మేడ మీద మేడ, మెట్ల కింద చెప్పుల గుట్ట. ఆ గోడల మధ్య మిగిలిన ఎకరం నేలలో బంతి తన్నేవాళ్ళను చూడ్డానికి వచ్చే యాభై, అరవై మందినీ ఈ లోకం ఎప్పుడూ పనిలేనివాళ్ళ కిందే లెక్కేసింది. వాళ్ళలో మొదటి పనిలేనివాడు బిక్షమయ్య.

కండక్టరు పనిలో టిక్కెట్టు అందరికీ కనిపించే భాగం. మరొకటి ఉంది. డ్రైవరు బండిని వెనక్కి తీసేటప్పుడు కండక్టరు దిగి వెనక నిలబడి అరచేత్తో రేకు మీద కొడతాడు. ఒక దెబ్బకు ఆపాలి, రెండు దెబ్బలకు రావాలి. వెనక గోడ ఉందో, ముసలమ్మ ఉందో డ్రైవరుకు కనబడదు. ఆ చేతిని నమ్మి అంత బండినీ చూడకుండా నడుపుతాడు. దెబ్బ ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమవుతుందో ప్రతి డిపోలోనూ ఒక కథ ఉంటుంది. రిటైరైనవాళ్ళే ఆ కథ చెబుతారు. సర్వీసులో ఉన్నవాళ్ళు వినకుండా లేచిపోతారు.

రెండేళ్ళ కిందట, ప్రాక్టీసులో ఒక బంతి పక్క నుంచి వచ్చి రాఘవేంద్ర చెవికి తగిలింది. అందరూ నవ్వారు. దెబ్బ తగిలేదాకా సారు రెప్ప కూడా కదపలేదని బిక్షమయ్య ఒక్కడే చూశాడు. సాయంత్రం అందరూ పోయాక అడిగాడు. కళ్ళల్లో నీటికాసులు, అన్నాడు సారు. రెండు పక్కల నుంచీ చూపు మూసుకొస్తోంది, మధ్యలో తలుపు సందంత మిగిలింది. ఎదురుగా నిలబెడితే మనిషి కనిపిస్తాడు. పరుగెత్తే బంతి కనిపించదు.

ఆ మర్నాటి నుంచి బిక్షమయ్య బెంచీ మీదికి మారాడు. ఇనుప బెంచీ మీద రెండు దెబ్బలు కొడితే బంతి మనది, ఒకటి కొడితే పోయింది. మిగిలినదంతా పెదవి కదలకుండా గొణుగుడు: ఎవడు ఎటు పోతున్నాడు, ఎవడికి ఆయాసమొచ్చింది, ఎవడు ఖాళీగా ఉన్నాడు. విని సారు కేక వేసేవాడు. కేకలు సరిగ్గానే ఉండేవి. కాకాకు వయసు మీద పడ్డది, తనలో తను మాట్లాడుకుంటున్నాడని అభిమానులు జాలిపడ్డారు. ఆ చూపుతోనే సారు నిరుడు ఎండాకాలమంతా మీర్‌పేట, బడంగ్‌పేట సర్కారు బళ్ళు తిరిగి, పదకొండు మంది పిల్లల్ని ఏరి తెచ్చి కాలేజీలో చేర్పించాడు. వాళ్ళ మధ్య పాతవాడు మహేష్ ఒక్కడే. బిక్షమయ్య పక్కింటి బాలలక్ష్మి కొడుకు. ఆఖరి ఏడాది.

ఇక బుధవారం. స్కోరు చెరొకటి. టెంటు కింద యూనివర్సిటీ జట్టు సెలెక్టర్లు ఇద్దరు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. మహేష్ పడి లేచాడు. బెంచీ ముందు నుంచే పరుగెత్తాడు. కుడి కాలు ఆనడం లేదని బిక్షమయ్య చూశాడు.

“ఏడో నంబరు ఎలా ఉన్నాడయ్యా?” అని సారు అడిగాడు.

బిక్షమయ్య టెంటు వైపు చూశాడు. బయటికొస్తే వాడి పేరు ఆ కాగితంలోకి ఎక్కదు, మళ్ళీ ఏడాది వాడికి లేదు. ఇరవై నిమిషాలు ఓర్చుకుంటే చాలు.

“మంచిగనే ఉన్నడు సారూ,” అన్నాడు.

అదే ఆ మాట. నాలుగు రోజులుగా అన్నం దగ్గరా, నీళ్ళ దగ్గరా అడ్డుపడుతున్నది.

ఈ పొద్దున గేటు దాటి లోపలికి వచ్చేసరికి, సామాన్ల గదిలో రాఘవేంద్ర చేతి స్పర్శతో బంతులకు గాలి కొడుతున్నాడు. అడుగు చప్పుడుకే పోల్చుకుని కూర్చోమన్నాడు.

“నా కళ్ళ సంగతి ఒక్కటీ చెప్పకు,” అన్నాడు. “నా తెలివి తక్కువని తిట్టనీ, పడతాను. ఓడించాడని కాకుండా గుడ్డివాడని తీసేస్తే, నేను తెచ్చిన పిల్లల్ని కూడా గుడ్డిగా తెచ్చాడంటారు. వచ్చేవాడు తన అకాడమీ పిల్లల్ని దించుతాడు. ఈ పదకొండు మందీ మళ్ళీ క్యాటరింగు పనులకు పోతారు.”

బిక్షమయ్య చెప్పాలనే వచ్చాడు. మహేష్ పేరు నాలుక దాకా వచ్చింది. పంపు చప్పుడు ఆగేదాకా నిలబడి, గాలి నిండిన బంతుల సంచీ భుజానికెత్తుకుని బయటికి నడిచాడు.

పది గంటలకు మెట్ల మీద యాభై మంది దాకా కూర్చున్నారు. కింద ఇనుప బెంచీ మీద రాఘవేంద్ర ఒక్కడే. కరస్పాండెంటు పక్కన కొత్త కోచ్‌గా అనుకుంటున్న శ్రీకర్. ముప్పై ఏళ్ళుంటాయి, చేతులు కట్టుకుని అందరి మాటా వింటున్నాడు. యోగేందర్ చెప్పాడు, త్రినాథరావు చెప్పాడు, మధ్యలో నలుగురు ఒకేసారి లేచి చెప్పారు. చివరికి అందరి ముఖాలూ బిక్షమయ్య వైపు తిరిగాయి.

సారు చూడలేదంటే కోచ్ పనికిరాడు. చూసీ తీయలేదంటే పిల్లవాడి కాలు విరగ్గొట్టినవాడు. నోరు మూసుకుంటే యోగేందర్ మాటే నెగ్గుతుంది.

“సారు అడిగిండు,” అన్నాడు బిక్షమయ్య. “ఏడో నంబరు ఎట్లున్నడని నన్నడిగిండు. నేను మంచిగున్నడన్న. కుంటుతుండని నాకెర్క. సెలెక్టర్లు చూస్తుండ్రు, పోరడు జరంత సేపు ఓర్సుకుంటె ఒడ్డున పడ్తడనుకున్న. తప్పు నాది. సారుది గాదు.”

మెట్ల మీద గుసగుసలు లేచాయి. త్రినాథరావు ముఖం విప్పారింది. అప్పటిదాకా నోరు విప్పని శ్రీకర్ అడిగాడు.

“ఆయన మిమ్మల్ని ఎందుకడిగారండీ?”

మెత్తగానే అడిగాడు. స్తంభాల మీద మెట్రో రైలు ఎల్బీనగర్ వైపు పోతున్న చప్పుడు మొదటి పెట్టె నుంచి చివరి పెట్టె దాకా వినిపించింది. బిక్షమయ్య నోరు తెరిచాడు. ఏదో అబద్ధం చెప్పాలి. తోచినది చెప్పబోయాడు.

కింద ఇనుప బెంచీ మీద ఒక దెబ్బ పడింది.

రెండేళ్ళలో ఆ బెంచీ మీద సారు చేయి మోగడం అదే మొదలు. ఒక దెబ్బ. బిక్షమయ్య నోరు దానంతటదే మూసుకుంది.

రాఘవేంద్ర లేచాడు. “నాకు కనబడదు కనక అడిగాను,” అన్నాడు. “రెండేళ్ళయింది.” ఆయన బిక్షమయ్య ఉన్నాడనుకున్న వైపు తిరిగాడు. ముఖం రెండు మెట్లు పక్కకు పోయింది. “వాడి అడుగు తేడాగా పడటం నాకు వినిపించిందయ్యా. నువ్వు చూస్తున్నావు గదా అని, నా చెవిదే తప్పనుకున్నా.”

తర్వాత జరిగింది కొద్దిగానే. సోమవారం నుంచి శ్రీకర్ వస్తాడని కరస్పాండెంటు చెప్పాడు. ఆ పదకొండు మందినీ మూడేళ్ళు ఉంచాలని రాఘవేంద్ర ఒక్కటే అడిగాడు. ఒక ఏడాదికి మాట ఇవ్వగలనని, మూడేళ్ళకు తానే ఉంటానో లేదో తెలియదని శ్రీకర్ అన్నాడు. నెగ్గిన యోగేందర్ తల ఎత్తలేదు. ఓడిన త్రినాథరావు మెట్లు దిగుతూ బిక్షమయ్య దగ్గర ఆగాడు. “రెండేళ్ళు మా అందరికీ గంతలు కట్టావు గదయ్యా,” అన్నాడు, చేయి కలపకుండా పోయాడు.

గేటు దగ్గర బిక్షమయ్య సారు చేయి పట్టుకోబోయాడు. రాఘవేంద్ర చేయి వెనక్కి తీసుకున్నాడు.

“పట్టుకోవద్దు. చెప్పు, చాలు.”

బిక్షమయ్య ఒక అడుగు వెనక నడిచాడు. రోడ్డు దగ్గర ఇనుప కడ్డీ మీద అరచేత్తో ఒక దెబ్బ కొట్టాడు. సారు ఆగాడు. రాంగ్ రూట్‌లో ఆటో వస్తోందని బిక్షమయ్య చెప్పాడు. దాని వెనక ఒక స్కూటీ, దాని మీద ముగ్గురు. ఎడమ దిక్కున యోగేందర్ నిలబడి ఇటే చూస్తున్నాడని కూడా చెప్పాడు. ఏదీ వదల్లేదు.

రోడ్డు అవతలి పక్క మహేష్ కనిపించాడు. కబురు అందినట్టుంది, కట్టుతోనే వస్తున్నాడు. బిక్షమయ్య చేయి కడ్డీ మీద ఆగిపోయింది.

“ఎవరయ్యా?” అన్నాడు సారు.

“మహేష్, సారూ.”

“ఎలా ఉన్నాడు?”

బిక్షమయ్య ఆ కుడి కాలి వైపే చూశాడు.

“కుంటుతుండు సారూ,” అన్నాడు. “బాగ కుంటుతుండు.”