మూడు కిలోమీటర్ల బతుకమ్మ

ఆ రోజుల్లో నన్ను బతికించేది నా కాళ్లేనని గట్టిగా నమ్మేదాన్ని. (ఇప్పుడు పొద్దంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, కాళ్లున్న సంగతి తిమ్మిరెక్కినప్పుడే గుర్తొస్తుంది.) అప్పుడు కరీంనగర్‌లో అమ్మాయిల క్రీడా హాస్టల్లో ఉంటూ ఇంటర్ చదువుతున్నాను. మా కోచ్‌ను విజిల్ సార్ అనేవాళ్లం. మెడలో ఈల లేకుండా ఆయన్ని ఎవరమూ చూడలేదు. దసరా సెలవులకు పంపేముందు ఆయన రెండు మాటలు చెప్పారు. రాష్ట్ర పోటీలకు మూడు వేల మీటర్ల పరుగులో ఒక్కరినే పంపుతారట. నేనా, నా గదిలోనే ఉండే జైనూరు పిల్లా అన్నది తిరిగొచ్చిన మొదటి పొద్దున పరుగు పెట్టి తేలుస్తారట. అందాకా సాధన ఆపకుండా, రోజూ ఎంత దూరం చేశామో నోటుబుక్కులో రాసి, ఇంట్లో సంతకం చేయించుకుని రావాలట. ఆ పోటీకి వెళ్లాలని నాకెంత ఉండేదో ఎవరికీ చెప్పలేదు. డైరీలో మాత్రం మూడు పేజీలు రాసుకున్నాను.

మాది మరమగ్గాల ఊరు. మొదటి పొద్దున ట్రాక్‌ప్యాంటు వేసుకుని గల్లీలోకి ఉరికానో లేదో, వాకిలి ఊడుస్తున్న పక్కింటి పెద్దమ్మ చీపురు ఆపి, "ఏందే పిల్లా, ఎవలన్న ఎంటవడ్డరా?" అని కేకేసింది. నాలుగిళ్ల వాళ్లు బయటికొచ్చి చూశారు. సిగ్గుతో అక్కడి నుంచే ఇంట్లోకి ఉరికాను. సెలవులు మొత్తంలో నేను ఉరికింది అదొక్కటే. సాయంత్రం బతుకమ్మ చుట్టూ అడుగేస్తూ, వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. నోటుబుక్కులో గడికి పైన 'దూరం' అనే ఉంది. ఎలా పోవాలో లేదు. మర్నాడు ఆ చుట్టును అడుగులతో కొలిచాను. ముప్పై మీటర్లు వచ్చింది. వంద చుట్లు తిరిగితే మూడు కిలోమీటర్లు! ఆ రోజు నుంచి అందరూ పాట పాడుతుంటే నేను అంకెలు చదివాను. "నోట్లె ఏం గొణుగుతున్నవే, జర గొంతెత్తి పాడు," అని అవ్వ వెనక నుంచి వీపులో పొడిచేది. సంతకం పెట్టేముందు బాపు మాత్రం, "నిజమే రాసినవా బిడ్డా?" అని అడిగాడు. "నిజమే బాపూ," అన్నాను. నిజమే కదా. (రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు ఎన్ని తిన్నానో రాయడానికి గడి లేదు.)

తిరిగొచ్చిన మొదటి పొద్దున, ఇంకా సరిగ్గా వెలుగు రాకముందే, గ్రౌండులో వరసగా నిలబడ్డాం. జైనూరు పిల్ల నోటుబుక్కు తెల్లగా ఉంది.

"గిన్ని దినాలు ఏం జేసినవే?"

"పత్తి ఏరిన సార్. పొద్దుగాల పోతె మాపటికే ఇంటికి."

సార్ నాది తెరిచారు. చూస్తూ చూస్తూ ఆయన మొహం విప్పారింది. "సూడుండ్రి! దినాం మూడు కిలోమీటర్లు. ఆరోనాడు రెస్టు, గట్ల తీసుకోవాలె! ఆఖరునాడు ఐదుకు పెంచింది!" (ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది, ఎవరూ ఆడరు. ఆఖరు రోజు సద్దుల బతుకమ్మ, ఎంతకూ ఇళ్లకు పోరు.) "ఇగ పోటీ ఎందుకు? ఈమెనే పంపుత," అన్నారాయన. జైనూరు పిల్ల తన కాళ్లవైపు చూసుకుంది. నేను పెదవి కదపకపోతే చాలు, నాకు కావలసింది నా చేతిలో పడ్డట్టే. ఇంతలో సార్, "ఏ రోడ్డు మీద ఉరికినవ్ బిడ్డా?" అని ముచ్చటగా అడిగారు.

ధైర్యంగా నిజం ఒప్పుకున్నానని రాసుకుంటే బాగుండేది. అసలు సంగతి, నాకు అప్పటికప్పుడు అబద్ధం కల్పించడం రాదు. రెండు రోజులు టైమిస్తే చెట్టూ పుట్టతో సహా మంచి రోడ్డొకటి రాసుకొచ్చేదాన్ని. "రోడ్డు గాదు సార్, బతుకమ్మ సుట్టు," అన్నాను.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వరస మొత్తం కడుపు పట్టుకుంది. సార్ నవ్వలేదు. "సప్పట్లు కొట్టుకుంటనా?" అని మాత్రం అడిగి, ఈల నోట్లో పెట్టుకున్నారు.

ఏడున్నర రౌండ్లు. మొదటి రౌండు మేమిద్దరం పక్కపక్కనే. మూడో రౌండుకు మలీద గొంతుదాకా వచ్చింది. ఐదో రౌండులో జైనూరు పిల్ల నన్ను మొత్తం ఒక చుట్టు దాటిపోయింది, పత్తి ఏరిన నడుము కాస్త వంచుకునే. ఆమె గీత దాటగానే సార్ ఆమె పేరు కాగితం మీద రాసేశారు, అందరూ టిఫిన్‌కు కదిలారు. నాకింకా రౌండున్నర మిగిలింది. "సాలు, రా ఇగ," అని సార్ పోతూ పోతూ అన్నారు. ఎందుకో నేను ఆగలేదు. జైనూరు పిల్ల ఒక్కతే గడ్డిలో కూలబడి, "ఉరుకు అక్కా, ఉప్మా సల్లగైతది!" అని అరిచింది.

ఇప్పుడు ఏ పని ముట్టుకోబోయినా, దీనివల్ల ఏమొస్తుందని ముందే అడుగుతున్నాను. ఓడిపోయాక, దాదాపు ఖాళీ అయిన గ్రౌండులో, రొప్పుతూ ఆ రౌండున్నర బుద్ధిగా పూర్తి చేసిన పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్ల మీద కొంచెం కుళ్లుగా కూడా ఉంటుంది.