బుధవారపు డాక్టరు

మా ఊరి ఆసుపత్రిలో, పట్నం డాక్టరు తెరమీద కనిపించి రోగులను చూసే గదిని నడిపే నర్సమ్మ, రోగి కుర్చీని తన భుజానికి ఆనేలా జరుపుకున్నాకే తెర వెలిగిస్తుంది. పంతులుగా ఉన్నప్పుడు బడిలో భయపడే పిల్లలను నేనూ అలాగే కూర్చోబెట్టుకునేవాణ్ణి. అది వేరే కథ. ఆ గదిని మరో అయిదేళ్లు నడపాలో మూసివేయాలో తేల్చడానికి ఒక బుధవారం సూపరింటెండెంటు వచ్చి కూర్చున్నాడు. ఆనాడు తెరమీద, ప్రతి బుధవారం కనిపించే డాక్టరుకు బదులు కొత్తాయన ప్రత్యక్షమయ్యాడు. గుండెదడతో వచ్చిన ముసలమ్మ, "నాకేం లేదు బాబూ, చల్లగా ఉండు" అని దీవించి లేచిపోయింది.

నర్సమ్మ ఆమెను వసారాలో అందుకుంది. "పిన్నీ, నాలుగు వారాలు చూస్తే ఈయనా మనవాడే అవుతాడు, రా."

"అయిదోవారం ఇంకో మొహం పెడతారుగా?"

వెనకే వచ్చిన సూపరింటెండెంటు, గదిని నడపడానికి కావలసినవి రాసుకున్న కాగితంలో కొత్త యంత్రాల జాబితాకు పైన, "వారం వారం ఒకే డాక్టరు" అని రాసి చదివి వినిపించాడు.

"సంతకం కూడా పెట్టు నాయనా," అంది ముసలమ్మ.

పెట్టాకే లోపలికి నడిచింది.